రోసిని ‘ఆర్మిడా’: మాటిమాటికీ వచ్చే డౌట్లన్నీ ఒకేచోట

ఈ ఒపేరా (అంటే మాటలు కూడా పాటగానే నడిచే నాటకం) గురించి మాట వచ్చిన ప్రతిసారీ అవే పది ఇరవై ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి, ఆర్మిడా చనిపోతుందా, అందరూ టెనర్లేనా (టెనర్ అంటే ఎత్తు స్థాయిలో పాడే మగ గొంతు), ఆర్మిడా పాత్ర పాడిన గాయనుల్లో కల్లాస్‌ది వినాలా ఫ్లెమింగ్‌ది వినాలా, ఇలా. ఒక్కొక్కరికీ విడివిడిగా టైప్ చేసేకంటే అన్నీ ఒక దగ్గర పెడితే మీకూ నాకూ ఈజీ అని రాస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి. కథ తెలియకుండా చూద్దాం అనుకునేవాళ్ళు మాత్రం రెండో భాగం జోలికి ఇప్పుడే పోవద్దు, అందులో క్లైమాక్స్‌తో సహా అంతా చెప్పేశా.

## మొదలుపెట్టేముందు

అసలు ఇది ఏంటి, ఎవరిది, ఎప్పటిది?

సంగీతకర్త జొఆక్కీనో రోసిని 1817లో నేపుల్స్‌లోని శాన్ కార్లో థియేటర్ కోసం రాసిన మూడంకాల ఇటాలియన్ ఒపేరా. మొదటి ప్రదర్శన ఆ ఏడాది నవంబర్ 11న. మాటలు, అంటే లిబ్రెట్టో, రాసింది జొవాన్ని ష్మిత్, ఆయన నేపుల్స్ థియేటర్లకి ఆస్థాన కవి లాంటివాడు. కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక మంత్రగత్తె శత్రువుల వీరుణ్ణి వలలో వేసుకోడానికి వచ్చి తనే అతని పిచ్చిలో పడిపోతుంది, వీరుడు బయటపడతాడు, ఆమె బయటపడలేదు.

రోసిని అంటే ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ లాంటి కామెడీలు కదా, ఈయన ఇలాంటివి కూడా రాశాడా?

రాశాడు, చాలానే రాశాడు. మనకి కామెడీలే ఎక్కువ తెలుసు ఎందుకంటే తర్వాత వందేళ్ళపాటు స్టేజి మీద మిగిలినవి అవే. నిజానికి 1815 నుంచి 1822 దాకా నేపుల్స్‌లో ఉన్నప్పుడు ఆయన పని దాదాపు మొత్తం సీరియస్ ఒపేరాలే, ఒథెల్లో, మోసె, ఎర్మియోనె, మావొమెత్తో, అలా. ఒక్క 1817నే తీసుకోండి, జనవరిలో రోమ్‌లో ‘చెనెరెంతోలా’, మే ఆఖర్లో మిలన్‌లో ‘లా గాజ్జా లాద్రా’, నవంబర్‌లో నేపుల్స్‌లో ‘ఆర్మిడా’, డిసెంబర్‌లో మళ్ళీ రోమ్‌లో ‘అదెలాయిదె ది బొర్గోన్యా’. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. మనిషి నిద్రపోయేవాడో లేదో మరి.

కథ రోసిని కల్పించిందేనా?

కాదు. తొర్క్వాతో తాస్సో అనే ఇటాలియన్ కవి 1581లో అచ్చయిన ‘జెరూసలెమ్మె లిబెరాతా’ అనే పెద్ద కావ్యంలోంచి తీసుకున్న కథ. మొదటి క్రూసేడ్‌లో, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు ముస్లింల మీద చేసిన యుద్ధంలో, క్రైస్తవ సైన్యం జెరూసలేం బయట దిగి ఉన్న రోజుల మీద నడిచే కావ్యం అది. అందులో మంత్రగత్తె ఆర్మిడా, వీరుడు రినాల్డో కథ ఒక భాగం మాత్రమే, కానీ ఒపేరా వాళ్ళకి అదే కావాలి, ఎందుకంటే ప్రేమ, మాయ, తోట, దెయ్యాలు, వదిలిపెట్టి పోవడం, అన్నీ అందులోనే ఉన్నాయి. రోసిని కంటే ముందే వేరే సంగీతకర్తలు, లుల్లి 1686లో, హాండెల్ 1711లో, గ్లుక్ 1777లో, హైడన్ 1784లో ఇదే కథ పట్టుకున్నారు. అంటే 1817 నాటికి ప్రేక్షకులకి కథ కంఠతా వచ్చు, ఈసారి ఎలా పాడిస్తాడో చూద్దామని వచ్చినవాళ్ళే.

ఒపేరా ఇప్పటిదాకా చూళ్ళేదు, దీంతో మొదలుపెట్టొచ్చా?

నా మాటైతే పూర్తిగా దీంతో వద్దు. మొదటి అంకం సగం దాకా సైనిక క్యాంపులో మగాళ్ళు నిలబడి పాడుకోవడమే, అక్కడే చాలామంది ఆపేస్తారు. కానీ మూడు ముక్కలు విడిగా వినండి, మొదటి అంకంలో ఆర్మిడా రినాల్డోల యుగళగీతం ‘అమోర్ పొస్సెంతె నోమె’, రెండో అంకంలో ‘డమోరె అల్ డోల్చె ఇంపేరో’, మూడో అంకంలో ముగ్గురు టెనర్లు కలిసి పాడేది. ఈ మూడూ ఎక్కితే మొత్తం కూర్చుని చూడగలరు, ఎక్కకపోతే వేరే ఒపేరాతో మొదలుపెట్టండి, మొహమాటం ఏం లేదు.

ఎంతసేపు ఉంటుంది?

సంగీతం దాదాపు మూడు గంటలు. ఇంటర్వెల్స్ కలిపితే నాలుగు గంటల దగ్గరికి వెళ్తుంది. ఇంట్లో చూస్తే రోజుకో అంకం చొప్పున చూసుకోండి, ఏ అంకానికి ఆ అంకం విడిగా నిలబడుతుంది.

## కథ దగ్గర వచ్చే డౌట్లు

ఆర్మిడా శత్రువుల క్యాంపుకి ఎందుకొస్తుంది, ఏం కథ చెప్తుంది?

డమాస్కస్ సింహాసనం నాది, మా బాబాయి ఇద్రావొతె లాక్కున్నాడు, కాపాడండి, నాకు పదిమంది వీరుల్ని తోడివ్వండి అని కన్నీళ్ళు పెట్టుకుంటూ వస్తుంది. మొత్తం అబద్ధం. ఆ ఇద్రావొతె మారువేషంలో ఆమె పక్కనే ఉంటాడు, ఇద్దరూ కలిసి వేసిన ప్లాన్ ఇది. మంచి వీరుల్ని పదిమందిని విడగొట్టి తీసుకుపోతే జెరూసలేం ముట్టడి బలహీనపడుతుందని లెక్క. సేనాపతి గోఫ్రెదో ముందు ఒప్పుకోడు, కానీ ఆమెని చూసి కుర్రాళ్ళందరికీ మతిపోయింది, అందులో గోఫ్రెదో తమ్ముడు యుస్తాజియో కూడా ఉన్నాడు, అందరూ కలిసి ఒప్పిస్తారు. గమనించారా, ఇప్పటిదాకా ఆమె ఒక్క మంత్రం కూడా వెయ్యలేదు.

రినాల్డో తన సైన్యంలో వాడినే ఎందుకు చంపుతాడు?

ఈగో గొడవ. దుదోనె అనే నాయకుడు చనిపోయి ఆ చోటు ఖాళీగా ఉంది, ఆర్మిడాతో వెళ్ళే పదిమందికి కూడా నాయకుడు కావాలి, అందరూ రినాల్డోని ఎన్నుకుంటారు. జెర్నాందో అనేవాడు ఆ పదవి తనకే వస్తుందని ఆశపడి, రాకపోయేసరికి రగిలిపోతాడు. రినాల్డో ఆర్మిడాతో కబుర్లాడుతుంటే చూసి అందరి ముందూ నోరు జారతాడు, రినాల్డో కత్తి దూస్తాడు, ద్వంద్వయుద్ధంలో జెర్నాందో చచ్చిపోతాడు. గోఫ్రెదో శిక్ష తప్పదంటాడు, ఆర్మిడా ఇంక ఇక్కడెందుకు పద అని రినాల్డోని తీసుకుపోతుంది. ఇద్దరికీ పాత పరిచయం ఉంది, ఆమె మనసులో అతను ముందునుంచే ఉన్నాడు, కాబట్టి ప్లాన్‌లో మిగతా తొమ్మిదిమంది సంగతి ఏమైందో ఎవరూ అడగరు, ఆమె కూడా పట్టించుకోదు. యుద్ధం కోసం వచ్చిన మనిషి యుద్ధం మర్చిపోయింది అనడానికి నాకు ఇదే గుర్తు.

రెండో అంకంలో ఏమీ జరగట్లేదు అనిపించింది, నాకొక్కడికేనా?

అందరికీ అలాగే ఉంటుంది, ఎందుకంటే నిజంగానే సంఘటనలు లేవు. అస్తరోత్తె అనే దెయ్యాల నాయకుడు తన గుంపుతో పాతాళంలోంచి లేచి వస్తాడు, ఆర్మిడా చెప్పినట్టు చెయ్యడానికి. తర్వాత ఆర్మిడా రినాల్డోని తీసుకుని వస్తుంది, భయంకరమైన అడవి కాస్తా చూస్తుండగా రాజభవనం, తోటలు అయిపోతుంది, దెయ్యాలు అందమైన కన్యల్లా మారిపోతాయి, పాట, డాన్స్, అయిపోయింది. కథ ఆగిపోవడమే ఈ అంకం పని. రినాల్డోకి కాలం ఆగిపోయింది, మనక్కూడా ఆగిపోవాలని రోసిని ఉద్దేశం, విసుగ్గా ఉంటే మీ మీద మంత్రం పనిచెయ్యలేదని అనుకోండి.

అద్దంలో చూసుకుంటే మాయ వదిలిపోవడం ఏంటి, లాజిక్ ఏంటి?

మూడో అంకంలో ఉబాల్దో, కార్లో అనే ఇద్దరు వీరులు రినాల్డోని వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళ దగ్గర ఒక బంగారు దండం ఉంటుంది, దాంతో తోటలోకి దారి దొరుకుతుంది, వనకన్యలు పిలిచినా పడకుండా తట్టుకుంటారు. ఆర్మిడా లేని టైం చూసి రినాల్డో ముందు అద్దంలా మెరిసే డాలు పెడతారు. అందులో తన వేషం తను చూసుకుంటాడు, పూలు పెట్టుకుని మెత్తబడిపోయిన మనిషి కనిపిస్తాడు, అంతే, సిగ్గుతో చచ్చిపోతాడు. మంత్రానికి విరుగుడు మంత్రం కాకపోవడం నాకు ఈ కథలో బాగా నచ్చిన సంగతి. వాళ్ళు ఏ దెయ్యంతోనూ యుద్ధం చెయ్యలేదు, ఒక అద్దం పట్టుకొచ్చారు.

ఇంతకీ రినాల్డోది నిజమైన ప్రేమా, లేక మంత్రం వేసిందా?

దీనిమీద కొట్టుకునేవాళ్ళని చూశా. కథలో ఆమె అడవిని మారుస్తుంది, దెయ్యాల్ని పిలుస్తుంది, రథం మీద ఎగురుతుంది, కానీ అతని మనసు మార్చే మంత్రం వేసినట్టు స్టేజి మీద మనకి చూపించే సీన్ లేదు. మొదటి అంకంలోనే, క్యాంపులో, ఏ మాయా లేనప్పుడే, ప్రేమ అనే పేరుకి ఎంత శక్తి ఉందో అని ఇద్దరూ కలిసి పాడేస్తారు. డాలులో చూసుకుని మేలుకున్న తర్వాత కూడా అతను ఆమెని వదల్లేక తడబడతాడు, ఇద్దరు స్నేహితులు చెరోపక్కా పట్టుకుని లాగాల్సి వస్తుంది. మాయే అయితే అద్దంతో పోవాలిగా, పోలేదు. నా ఉద్దేశంలో ఆమె మాయ చేసింది చుట్టూ ఉన్న లోకాన్ని, యుద్ధం కనపడకుండా చేసింది, అంతవరకే.

చివర్లో ఆర్మిడా చనిపోతుందా?

చనిపోదు. సముద్రం ఒడ్డుకి పరిగెత్తుకొస్తుంది, పోవద్దని బతిమాలుతుంది, చివరికి కుప్పకూలిపోతుంది, వాళ్ళు రినాల్డోని తీసుకుపోతారు. లేచి చూసుకుంటే ఒంటరిగా ఉంటుంది. ఒకపక్క ప్రేమ, ఇంకోపక్క పగ, రెండింటి మధ్యా కాసేపు ఊగి పగనే ఎంచుకుంటుంది. తను కట్టిన భవనాన్ని తనే కూలగొట్టించి, మంటలూ పొగా మధ్య రథమెక్కి గాల్లోకి పోతుంది. తెర పడిపోతుంది.

తాస్సో కావ్యంలో చివరికి ఇద్దరూ కలుస్తారట, మరి ఇందులో ఎందుకు లేదు?

నిజమే, కావ్యం చివర్లో యుద్ధం అయిపోయాక రినాల్డో ఆమెని ఆత్మహత్య చేసుకోకుండా ఆపుతాడు, ఆమె అతని మాటకి, అతని మతానికి తలవంచుతుంది. ష్మిత్, రోసిని అక్కడిదాకా పోకుండా ఆమె కోపం దగ్గరే ఆపేశారు. లుల్లి ఒపేరా కూడా భవనం కూలడం దగ్గరే ఆగుతుంది కాబట్టి ఇది రోసిని కనిపెట్టిన ముగింపేం కాదు, కానీ మంచి పని చేశారు. అంతసేపు అంత పెద్ద గొంతుతో పాడిన మనిషి ఆఖర్లో తలవంచుకుని నిలబడితే చూడబుద్ధి కాదు.

క్రైస్తవులు మంచివాళ్ళు, డమాస్కస్ ఆవిడ మంత్రగత్తె, ఇది ఇప్పటి కళ్ళతో చూస్తే ఇబ్బందిగా లేదా?

ఉంది, దాచక్కర్లేదు. పదహారో శతాబ్దపు కావ్యం, క్రూసేడ్‌ని పుణ్యకార్యంగానే చూస్తుంది, అవతలివాళ్ళ ఆడవాళ్ళు అందంతో, మాయతో మగాళ్ళని చెడగొడతారనే పాత భయం ఇందులో నిండా ఉంది. ఇప్పటి డైరెక్టర్లు చాలామంది మతం విషయం పక్కకి నెట్టి పేదరాశి పెద్దమ్మ కథలానో బొమ్మలాటలానో చేసేస్తారు. సంగీతం మటుకు వేరే మాట చెప్తుంది, మంచివాళ్ళనబడే ఆ వీరులందరికీ కలిపి కూడా ఆర్మిడాకి ఇచ్చినంత సంగీతం ఇవ్వలేదు. ఎవరి పక్షమో రోసిని నోటితో చెప్పలేదు గానీ ఎవరిమీద కష్టపడ్డాడో వింటే తెలిసిపోతుంది.

## వింటున్నప్పుడు

ఎవరు పాడుతున్నారో తెలీట్లేదు, అందరి గొంతూ ఒకేలా ఉందేంటి?

ఎందుకంటే దాదాపు అందరూ టెనర్లే. రినాల్డో, గోఫ్రెదో, జెర్నాందో, యుస్తాజియో, ఉబాల్దో, కార్లో, లెక్కపెడితే ఆరుగురు. ఇద్రావొతె, అస్తరోత్తె ఇద్దరే లోతు గొంతులు. ఆడగొంతు ఆర్మిడా ఒక్కతే, కోరస్‌లో కన్యలు తప్ప. అప్పట్లో శాన్ కార్లోలో మంచి టెనర్ల గుంపు ఉండేది, ఉన్నవాళ్ళకి తగ్గట్టు రాశాడు. మొదటి ప్రదర్శనలో జెర్నాందో పాడినతనే తర్వాత ఉబాల్దో పాడాడు, గోఫ్రెదో పాడినతనే కార్లో, ఎందుకంటే మొదటి అంకంలోవాళ్ళు మూడో అంకంలో ఉండరు. ఇప్పుడు కూడా చాలాచోట్ల అలాగే సర్దుకుంటారు. కాబట్టి చచ్చిపోయిన జెర్నాందో మూడో అంకంలో మళ్ళీ కనిపిస్తే కంగారుపడకండి, అతను వేరే మనిషి.

ముగ్గురు టెనర్ల పాట అంత స్పెషల్ అంటారు, ఎందుకు?

‘ఇన్ క్వాలె అస్పెత్తో ఇంబెల్లె’ అని మొదలవుతుంది, డాలులో తన్ను తను చూసుకున్న రినాల్డో, పక్కన ఉబాల్దో, కార్లో. ఒకే రకం గొంతులు మూడు కలిపి రాయడం ఎవరూ పెద్దగా చెయ్యరు, ఒకదాన్నొకటి మింగేస్తాయని భయం. ఇక్కడ ఆ కష్టమే అందం అయింది. ఒకడు సిగ్గుతో విరిగిపోతూ పాడుతుంటే మిగతా ఇద్దరూ లే, లే అని ఎత్తుతుంటారు, కాసేపటికి ఎవరి గొంతు ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో తెలీదు, ఆ క్షణంలో రినాల్డో మళ్ళీ సైనికుడైపోయాడన్నమాట, గుంపులో ఒకడు. పై స్వరాలకి వాళ్ళు పోటీపడటం చూడ్డానికి కూడా జనం వస్తారు, అది వేరే సంగతి.

‘డమోరె అల్ డోల్చె ఇంపేరో’ అంత కష్టమా? వింటే హాయిగా ఉందిగా?

హాయిగా వినపడాలనే అంత కష్టం. చిన్న పల్లవి లాంటి వరస ఒకటి ముందు సాదాగా పాడుతుంది, ప్రేమ రాజ్యానికి అందరూ లొంగాల్సిందే, యౌవనం ఉండగానే అనుభవించండి అనే అర్థంలో. తర్వాత అదే వరస మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకా సన్నగా, ఇంకా వేగంగా, మన కచేరీల్లో ఒకే లైన్ మీద సంగతి మీద సంగతి వేసినట్టు. మధ్యలో కోరస్ అందుకుంటుంది, ఆమె ఊపిరి పీల్చుకోడానికి దొరికేది ఆ కాస్త టైమే. కథలో చూస్తే ఇదే అసలు మంత్రం. అడవి భవనం అవ్వడం యంత్రాలవాళ్ళ పని, మనల్ని కదలకుండా కూర్చోబెట్టడం మాత్రం ఈ పాట పని.

హీరోకి సోలో పాటే లేదేంటి?

లేదు, మీరు మిస్ అవ్వలేదు. జెర్నాందోకి ఉంది, అసూయతో రగిలిపోతూ పెద్ద పాట పాడి మరీ చస్తాడు, రినాల్డోకి మాత్రం అన్నీ యుగళాలూ త్రయమే. ఆర్మిడాతో ఉన్నప్పుడు ఆర్మిడాతో పాడతాడు, స్నేహితులు వచ్చాక స్నేహితులతో పాడతాడు. ఒంటరిగా నిలబడి నాకిది కావాలి అని పాడే చాన్సే అతనికి రాలేదు. కావాలనే చేశాడో లేదో గానీ ఆ పాత్రకి అది సరిగ్గా సరిపోయింది, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మనిషి. పాడేవాళ్ళకి మాత్రం ఇది లెక్కలోకి రాదు, సోలో లేకపోయినా రోసిని టెనర్ పాత్రల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి, కింద లోతు స్వరాలూ ఉండాలి, పైన ఎత్తూ ఉండాలి, మధ్యలో జారుడు పలుకులూ ఉండాలి. మొదట పాడిన ఆండ్రియా నొజ్జారి గొంతు అలాంటిది, కింద చీకటిగా బరువుగా ఉండేది. పై స్వరాలు ఆ రోజుల్లో ఇప్పటిలా ఛాతీ నుంచి అరిచేవాళ్ళు కాదు, తల స్వరంలో తేలిగ్గా అందుకునేవాళ్ళు.

ఇన్ని గిరగిరలు తిప్పితే భావం ఏముంటుంది? సర్కస్‌లా ఉంది.

ఈ కంప్లైంట్ రోసిని మీద రెండువందల ఏళ్ళుగా ఉంది. కొన్ని ఒపేరాల్లో నిజం కూడా. కానీ ‘ఆర్మిడా’లో ఆ గిరగిరలే కథ, ఎందుకంటే వాటిని ఎక్కువగా వాడేది మంత్రగత్తె, వాడేది వశం చేసుకోడానికి. మొదటి అంకంలో ఏడుపు నటిస్తూ వచ్చినప్పుడు ఎంత నగిషీగా పాడుతుందో చూడండి, నిజంగా ఏడ్చేవాళ్ళు అలా పాడరు కదా. చివరి సీన్‌లో నిజంగా గుండె పగిలినప్పుడు ‘సె అల్ మియో క్రుదెల్ తొర్మెంతో’ అని మొదలుపెడుతుంది, అక్కడ వరస మెత్తగా, దాదాపు సాదాగా ఉంటుంది. నగిషీ రాలిపోయిన చోట మనిషి కనిపిస్తుంది. అందుకే మొదట్లో ఉన్న సర్కస్‌ని భరించండి, అది లేకపోతే చివరిది తగలదు.

రెండో అంకంలో బ్యాలే డాన్స్ స్కిప్ చేస్తే ఏమన్నా పోతుందా?

ఆడియో వింటుంటే స్కిప్ చేసినా ప్రాణం పోదు. వీడియో అయితే చూడండి. ఒక యువ వీరుణ్ణి వనకన్యలు చుట్టుముట్టి లొంగదీసుకోవడం అందులో కథ, అంటే రినాల్డోకి జరిగిందే రినాల్డో ఎదురుగా ఆడి చూపిస్తున్నారు, అతను చూస్తూ కూర్చుంటాడు, అర్థం కాదు. ఇటలీ కోసం రాసిన ఒపేరాల్లో రోసిని ఇంత బ్యాలే వేరే దేనికీ పెట్టలేదు.

చివరి పాటకి చప్పట్లు కొట్టే టైమే ఇవ్వలేదు, ఎడిట్ చేశారా?

ఎడిట్ కాదు, అలాగే రాశాడు. అప్పటి లెక్క ప్రకారం ప్రధాన గాయనికి చివర్లో ఒక పెద్ద మెరుపుల పాట ఉండాలి, అదే ఏడాది జనవరిలో ‘చెనెరెంతోలా’కి అచ్చంగా అలాంటిదే పెట్టాడు. ఇక్కడ బతిమాలుకోవడం, శాపాలు, మధ్యలో మౌనాలు, ఒక్కసారిగా ఆర్కెస్ట్రా విరుచుకుపడటం, అంతే, గాయని ఒంటరిగా నిలబడి మెప్పించే చోటు లేకుండానే తుఫానులా అయిపోతుంది. మొదటిసారి విన్నవాళ్ళకి ఏదో కోసేసినట్టు ఉండటం సహజం. నాకైతే మొత్తం ఒపేరాలో ఇదే బెస్ట్, 1817లో ఇంత ధైర్యం చేశాడంటే ఆశ్చర్యమే.

## వెనక కథ

ఇసబెల్లా కోల్‌బ్రాన్ ఎవరు, ఆమె కోసమే రాశాడంటారు?

మాడ్రిడ్‌లో పుట్టిన స్పానిష్ గాయని, నేపుల్స్ రాజ థియేటర్ల మహారాణి. రోసిని అక్కడ రాసిన సీరియస్ ఒపేరాలన్నిట్లో దాదాపు ప్రధాన పాత్ర ఆమెదే, ఎలిసబెత్తా, డెస్డెమోనా, ఆర్మిడా, ఎర్మియోనె. 1817 నాటికి ఆమె గొంతు అప్పటికే అలిసిపోతోందని ఆ కాలం వాళ్ళు రాశారు, ఫ్రెంచ్ రచయిత స్టాందాల్ అయితే శ్రుతి తప్పుతోందని మొహమాటం లేకుండా ఏకిపారేశాడు. ఆర్మిడా పాత్రలో పొడుగ్గా పట్టి నిలబెట్టే స్వరాల కంటే ఉరకలే ఎక్కువ ఉండటానికి అదీ ఒక కారణమంటారు. 1822లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు, 1837లో విడిపోయారు.

నేపుల్స్‌లోనే ఎందుకు? ఇంత మాయలు చూపించే డబ్బు ఎవరిచ్చారు?

1816 ఫిబ్రవరిలో శాన్ కార్లో థియేటర్ కాలిపోయింది. దాన్ని ఏడాది కూడా తిరక్కుండా అంతోనియో నిక్కొలీని డిజైన్‌తో మళ్ళీ కట్టి 1817 జనవరి 12న తెరిచారు, కట్టించింది దొమేనికో బర్బాజా. ఈయన మామూలు మనిషి కాదు, వెయిటర్‌గా మొదలై, థియేటర్ల లాబీల్లో జూదం నడిపించే కాంట్రాక్టులతో కోట్లు గడించి, ఇటలీలో పెద్ద ఒపేరా నిర్మాత అయ్యాడు. రోసినిని 1815లో నేపుల్స్‌కి తెచ్చింది ఈయనే. కొత్త స్టేజి, కొత్త యంత్రాలు, రాజుగారి థియేటర్, పెద్ద ఆర్కెస్ట్రా, బ్యాలే గుంపు, అన్నీ రెడీగా ఉన్నాయి, అడవి భవనంగా మారే కథ కంటే వాటిని చూపించుకోడానికి మంచి సాకు ఏముంటుంది.

మొదటిసారి ఆడినప్పుడు హిట్టా?

అంతంతమాత్రం. నేపుల్స్ పత్రికల్లో వచ్చిన ముఖ్యమైన ఫిర్యాదు ఇది మరీ జర్మన్‌గా ఉందని, అంటే ఆర్కెస్ట్రా ఎక్కువైంది, స్వరమేళం బరువుగా ఉంది, హాయిగా పాడుకునే ఇటాలియన్ వరస తగ్గింది అని వాళ్ళ బాధ. ఇప్పుడు వింటే మనకి అందులో జర్మన్ ఏముందో వెతుక్కోవాలి, కానీ హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాయిద్యం) టింగు టింగుమనే సంభాషణలకి అలవాటుపడిన చెవులకి మాటల వెనక కూడా మొత్తం ఆర్కెస్ట్రా ఉండటం కొత్తే. ఆ పద్ధతి రోసిని నేపుల్స్‌లో 1815లో ‘ఎలిసబెత్తా’తోనే మొదలుపెట్టాడు.

మరి వందేళ్ళకి పైగా ఎందుకు ఎవరూ ఆడలేదు?

ఆడేవాళ్ళు లేక. ఒక్క గాయని, అంతమంది టెనర్లు, కోరస్, బ్యాలే, ఎగిరే రథం, ఇన్ని సమకూర్చుకోవడం ఖర్చు. దానికితోడు 1830ల తర్వాత పాడే పద్ధతే మారిపోయింది, టెనర్లు ఛాతీతో పై స్వరాలు కొట్టడం మొదలుపెట్టారు, జనానికి అదే కావాల్సి వచ్చింది, రోసిని రాసిన సన్నని పని నేర్పేవాళ్ళు తగ్గిపోయారు. మళ్ళీ స్టేజి ఎక్కింది 1952లో ఫ్లోరెన్స్‌లో.

## ఏది వినాలి, ఏది చూడాలి

కల్లాస్ రికార్డింగ్ సౌండ్ దరిద్రంగా ఉంది, అయినా అందరూ అదే వినమంటారేంటి?

1952 ఏప్రిల్‌లో ఫ్లోరెన్స్‌లో తుల్లియో సెరాఫిన్ కండక్ట్ చేసింది, లైవ్ నుంచి ఎవరో పట్టిన రికార్డింగ్. గరగరలు, కోతలు చాలా, టెనర్లు కూడా ఈ పనికి తయారైనవాళ్ళు కాదు. అయినా మారియా కల్లాస్ కోసం వినాలి. అంత పెద్ద గొంతు అంత వేగంగా పరిగెత్తడం అప్పటిదాకా ఎవరూ విన్లేదు, పైగా ఆ పాత్ర ఆమె చాలా తక్కువ రోజుల్లో నేర్చుకుని పాడింది, ఆ తర్వాత ఎప్పుడూ పాడలేదు. సలహా ఏంటంటే మొత్తం వద్దు, రెండో అంకంలో పాట, చివరి సీన్, ఈ రెండూ వినండి. చివరి సీన్‌లో ఆ గరగరల వెనకనుంచి వచ్చే కోపం ఇంకెవరి దగ్గరా లేదు.

రెనీ ఫ్లెమింగ్‌వి రెండు ఉన్నాయి, ఏది?

వినడానికి 1993 పెసారోది. పెసారో రోసిని పుట్టిన ఊరు, ప్రతి ఎండాకాలం అక్కడ ఆయన పేరుమీద ఫెస్టివల్ జరుగుతుంది, అక్కడ లైవ్‌గా చేసింది, కండక్టర్ డానియేలె గాత్తి, రినాల్డో గ్రెగరీ కుండె. గొంతు అప్పుడు తాజాగా ఉంది, భయం లేకుండా పాడింది. చూడ్డానికి అయితే 2010 న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా (మెట్) వాళ్ళది, గొంతు కాస్త జాగ్రత్తగా వాడింది గానీ సబ్‌టైటిల్స్‌తో నీట్‌గా ఉంటుంది, రినాల్డోగా లారెన్స్ బ్రౌన్లీ చాలా బాగా పాడాడు. పైగా ఆరు టెనర్ పాత్రలకి ఆరుగురు వేర్వేరు మనుషులు, కాబట్టి ఎవరెవరో పోల్చుకోవడం తేలిక.

మెట్ ప్రొడక్షన్‌లో ఎర్ర గుడ్డల పిల్ల ఒకతి, ఇంకొకడు ఊరికే తిరుగుతుంటారు, వాళ్ళెవరు?

డైరెక్టర్ మేరీ జిమ్మర్‌మన్ చేర్చిన మూగ పాత్రలు, ఒకరు ప్రేమ, ఇంకొకరు పగ. చివర్లో ఆర్మిడా రెండింటి మధ్యా ఊగేటప్పుడు మాటల్లోనే కాకుండా కళ్ళకి కనపడాలని మొదటినుంచీ తిప్పుతుంది. కొందరికి చిన్నపిల్లల నాటకంలా అనిపించింది, నాకైతే రెండో అంకంలో తోకలేసుకున్న దెయ్యాల డాన్స్ దగ్గర కాస్త నవ్వొచ్చింది, చివరి సీన్‌లో మాత్రం పనికొచ్చింది. అమెరికాలో సినిమా హాళ్ళలో 2010 మే 1న లైవ్ వేశారు, అక్కడున్న మనవాళ్ళు ఎవరైనా అప్పుడు చూసి ఉంటే పెద్ద తెర మీద ఆ రథం సీన్ ఎలా ఉందో నాకు చెప్పండి, నేను ల్యాప్‌టాప్‌లోనే చూశా.

భాష రాదు, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఫాలో అవ్వడం ఎలా?

అంకానికి ముందు ఆ అంకం కథ చదివేసుకోండి, తర్వాత సబ్‌టైటిల్ వైపు తక్కువ చూడండి. ఒక్కో వాక్యం పదిసార్లు తిప్పి పాడతారు కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ ఉండదు. మాటల మీద కన్నేసి ఉంచాల్సింది రెండు చోట్లే, డాలు సీన్, చివరి సీన్.

ఇది నచ్చింది, తర్వాత ఏది?

రోసినిలోనే కావాలంటే ‘ఎర్మియోనె’, 1819, అదే నేపుల్స్, అదే కోల్‌బ్రాన్, ఇంకో పిచ్చిప్రేమ, అక్కడ మాయ లేదు, హత్య చేయిస్తుంది, తర్వాత ఎందుకు చేశావని చేసినవాడినే తిడుతుంది. ఇదే కథ వేరేవాళ్ళ చేతిలో ఎలా ఉందో చూడాలంటే గ్లుక్ ‘ఆర్మీద్’, ఫ్రెంచ్‌లో ఉంటుంది, నిద్రపోతున్న వీరుణ్ణి పొడవడానికి కత్తెత్తి పొడవలేక ఆగిపోయే సీన్ రోసిని దాంట్లో లేదు, దానికోసమైనా వినాలి. హాండెల్ ‘రినాల్డో’లో ఆమె పక్క పాత్ర అయిపోయింది కానీ పాటలు బాగుంటాయి. ద్వోర్జాక్ 1904లో చేసింది మాత్రం తీరిక బాగా ఉంటేనే.